మన్నా వంటిదే వ్యాయామము - ఏ రోజుది ఆ రోజే



"పొద్దున లేస్తే చేలో పనే గదా అయ్యగారూ! మాకు వేరే వ్యాయామమెందుకు? అది పట్నం వాళ్ళకు." ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచుల వరకు ఏ సంఘములో వ్యాయామము మాట ఎత్తినా మాకు ముందుగా వినబడే జవాబు ఇదే. ఈ జవాబులో కొంత నిజమున్నది. నలభై ఏండ్ల క్రితమైతే చాలా నిజమున్నది. కాని ఈ రోజుల్లో మన కూడికలలో వచ్చే ప్రార్థన మనవులను ఒక్కసారి గుర్తు చేసుకోండి. షుగరు, బి.పి., గుండె నొప్పి, పక్షవాతము, మోకాళ్ళ నొప్పులు - పట్నపు జబ్బులనుకొన్నవన్నీ మన గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్నాయి. చేను పని మనలను కాపాడుతున్నదనుకొంటే మరి ఇవెలా వచ్చాయి? ఈ నెల దీనిని గూర్చి నిదానముగా ఆలోచిద్దాము.

పని ఎక్కడికి పోయింది?

మన అమ్మమ్మల కాలములో ఇంటి పనే పెద్ద వ్యాయామము. రోకటితో వడ్లు దంచేవారు, తిరుగలితో జొన్నలు విసిరేవారు, బావిలో చేద వేసి నీళ్ళు తోడి బిందె నెత్తిన పెట్టుకొని వచ్చేవారు. పొయ్యిలోకి కట్టెల కోసము అడవికి పోయి మోపు మోసుకొని వచ్చేవారు. మగవారు నాగలి పట్టుకొని ఎడ్ల వెనుక రోజంతా నడిచేవారు. సంతకు పోవాలన్నా, పక్క ఊరి కూడికకు పోవాలన్నా కాలినడకే.

ఇప్పుడు దున్నడానికి ట్రాక్టరు, కోయడానికి కోత మిషను, నీళ్ళు పెట్టడానికి మోటారు. 1999లో ఆరంభమైన దీపం పథకముతో పల్లెలకు గ్యాసు పొయ్యి వచ్చింది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథతో కుళాయి నీళ్ళు వచ్చాయి. 2023 డిసెంబరులో ఆడవారికి ఆర్టీసీ బస్సు ప్రయాణము ఉచితమైంది. ఇక మోటారు సైకిలు లేని ఇల్లు వెదకవలసినదే. ఇవన్నీ మేలులే. బిందెలు మోసి మెడలు వంగిపోయిన తల్లులను చూసినవారెవరూ ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకోరు. అయితే శరీరానికి ఈ సంగతి తెలియదు. అది ఇంకా ఆ పాత శ్రమనే కోరుకొంటున్నది. పళ్ళెములో అన్నము కుప్ప మాత్రము ఆ పాత లెక్క ప్రకారమే ఉన్నది.

దేశమంతటా ఇదే పరిస్థితి. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో 2024లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన ప్రకారము, మన దేశములో చాలినంత శరీర శ్రమ లేని పెద్దవారు 2000 సంవత్సరములో నూటికి 22 మంది. 2022 నాటికి వారు నూటికి 49 మంది అయ్యారు. ఆడవారిలో నూటికి 57 మంది, మగవారిలో నూటికి 42 మంది అని ఆ లెక్క. అంతకుముందు 2014లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి పరిశీలనలో మరొక సంగతి బయటపడింది. నాలుగు ప్రాంతాలలో 14 వేల మందికి పైగా అడిగి చూస్తే, పల్లెల్లో కూడా నూటికి 50 మందికి తగిన కదలిక లేదు. పని కాక, ఆటగానో నడకగానో వ్యాయామము చేసేవారు మొత్తము మీద నూటికి పదిమంది కూడా లేరు. అదే మండలి 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము మన దేశములో షుగరు వ్యాధి ఉన్నవారు సుమారు 10 కోట్ల మంది. ఆ వ్యాధి గుమ్మములో నిలబడి ఉన్నవారు మరో 13 కోట్లకు పైగా ఉన్నారు.

చేను పని వ్యాయామమేనా?

"మరి మేము మిరపకాయలు ఏరుతున్నాము గదా" అని అక్కలు అడుగుతారు. నిజమే. జనవరి నుండి ఖమ్మం చుట్టుపక్కల మిరప తోటల్లో నడుము వంచి ఏరే కూలి తల్లులను, ఎండాకాలము అడవిలో తునికాకు కోసే గిరిజన కుటుంబాలను చూచి "మీరింకా వ్యాయామము చేయండి" అని చెప్పడము న్యాయము కాదు. వారికి కావలసింది నీడ, నీళ్ళు, విశ్రాంతి, వంగిన నడుమును మధ్య మధ్య నిటారుగా సాగదీసుకొనే వ్యవధి. రోజంతా ఒకే తీరుగా వంగి చేసే బరువు పని, విశ్రాంతి లేకపోతే, గుండెకు నడక చేసినంత మేలు చేయదని వైద్య పరిశోధకులు కూడా చెబుతున్నారు.

అయితే ఈ పని సంవత్సరమంతా ఉండదు. మిరప అయిపోయిన తరువాత, తునికాకు కల్లాలు ముగిసిన తరువాత, నాట్లకు నాట్లకు మధ్య, వారాల తరబడి టి.వి. ముందు, సెల్‌ఫోను ముందు గడిచిపోతున్నది. ఇంకొక మాట. ఆ మిరప తోటలో భార్య ఏరుతుంటే గట్టు మీద మోటారు సైకిలు ఆపుకొని కూర్చున్న భర్త ఎంత నడిచాడు? బస్తాలు ఆటోలో వేయించి మార్కెట్టుకు పోయి, టీ కొట్టు దగ్గర కూర్చొని, బండి మీదే ఇంటికి వచ్చినవాడు "మాది వ్యవసాయ కుటుంబము" అంటే సరిపోదు. వ్యవసాయము కుటుంబానిది కావచ్చును గాని, నడక ఎవరిది వారిదే. రైస్ మిల్లు గుమాస్తా, కిరాణా కొట్టు యజమాని, ట్రాక్టరు డ్రైవరు, బడి పంతులు, సంఘ కాపరి - వీరందరూ పల్లెలో ఉన్నా కూర్చొని చేసే పనివారే.

లండను బస్సు చెప్పిన సాక్ష్యము

కూర్చొనే పనికి, నిలబడి తిరిగే పనికి గల తేడాను లోకానికి మొదట చూపించినది ఒక బస్సు అంటే ఆశ్చర్యము కలుగుతుంది. లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన తోటివారు కలిసి బస్సు ఉద్యోగుల ఆరోగ్యమును పరిశీలించి, ఆ ఫలితాలను 1953లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అవి రెండు అంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చొని ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే దారి, ఇంచుమించు ఒకే తరగతి జీవితము. అయినా గుండె జబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనబడింది. కండక్టర్లకు తక్కువగా వచ్చింది, వచ్చినా పెద్ద వయస్సులో వచ్చింది. ఉత్తరాలు పంచే పోస్టుమాన్లను, బల్ల దగ్గర కూర్చొనే గుమాస్తాలను పోల్చి చూసినప్పుడు కూడా ఇదే తేడా కనిపించింది. ఆ మోరిస్‌గారు తాను చెప్పినది తానే పాటించి, 99 ఏండ్లు బ్రతికి 2009లో కన్నుమూశారు.

గమనించండి, ఆ కండక్టరు వ్యాయామశాలకు పోలేదు, బరువులు ఎత్తలేదు. పని దినమందెల్లా కొంచెము కొంచెముగా కదిలాడు. మేలు అక్కడనే ఉన్నది.

వారానికి ఎన్ని రోజులు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ఏమంటే, పెద్దవారు వారానికి కనీసము 150 నిమిషాలు కొంచెము ఆయాసము వచ్చేటట్లు కదలాలి. 300 నిమిషాల వరకు చేస్తే ఇంకా మేలు. అనగా రోజుకు అరగంట చొప్పున వారానికి 5 రోజులు. దీనితో పాటు కండరాలకు బలమిచ్చే పని వారానికి 2 రోజులు. 65 ఏండ్లు దాటినవారు పడిపోకుండా నిలదొక్కుకొనే అభ్యాసము వారానికి 3 రోజులు చేయాలి. బడి పిల్లలకైతే రోజుకు 60 నిమిషాల ఆటలు కావాలి. ఆ అరగంట ఒకే విడతగా ఉండనవసరము లేదు. ఉదయము 10 నిమిషాలు, మధ్యాహ్నము 10, రాత్రి భోజనము తరువాత 10 అయినా లెక్కకు వస్తుంది.

"వారమంతటిదీ ఆదివారము మధ్యాహ్నము ఒకేసారి నడిస్తే కాదా?" అని ఒక తమ్ముడు అడిగాడు. పూర్తిగా వృథా అనలేము. వారానికి ఒకటి రెండు రోజుల్లోనే 150 నిమిషాలు పూర్తి చేసేవారికి కూడా మంచి ఫలితమున్నట్లు ఈ మధ్య వచ్చిన పరిశోధనలు చూపుతున్నాయి. ఏమీ చేయని దానికంటె అది ఎంతో మేలు. అయితే షుగరు ఉన్నవారి సంగతి వేరు. నడిచినప్పుడు కాళ్ళ కండరాలు రక్తములోని చక్కెరను లాగి వాడుకొంటాయి. నడక ఆగిన తరువాత కూడా ఒకటి నుండి మూడు రోజుల వరకు ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. ఆ తరువాత ఆ మేలు మెల్లగా కరిగిపోతుంది. అందుకే, వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ వదలవద్దని షుగరు వైద్యులు చెబుతారు.

అరణ్యములో ఇశ్రాయేలీయులకు దొరికిన మన్నాను జ్ఞాపకము చేసుకోండి. ఏ రోజుకు కావలసినది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచుకొన్నది పురుగు పట్టింది. నడక కూడా ఇంచుమించు అటువంటిదే. పోయిన సంవత్సరము చేసినది ఈ సంవత్సరానికి నిలువ ఉండదు. యౌవనములో కబడ్డీ ఆడినవాని బలము యాభయ్యవ ఏట బ్యాంకులో వేసిన డబ్బు వలె ఎదురు చూస్తూ ఉండదు.

ఎవరెవరు ఎలా చేస్తున్నారు?

గృహ దర్శనాలలో మేము ఈ ప్రశ్న చాలామందిని అడుగుతూ వచ్చాము. ఖమ్మంలో లకారం చెరువు కట్ట మీద, పటేల్ స్టేడియములో, భద్రాచలంలో గోదావరి కరకట్ట మీద తెల్లవారుజామున నడిచేవారు కనబడతారు. వారిలో ఎక్కువమంది డాక్టరు భయపెట్టిన తరువాత మొదలు పెట్టినవారే. సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్న ఒక పెద్దాయన, ఉద్యోగము మానిన మొదటి సంవత్సరములోనే బరువు పెరిగి ఆయాసము వచ్చిందని, అప్పటినుండి వారానికి ఆరు రోజులు ఉదయము ఐదింటికే బయలుదేరుతున్నానని చెప్పారు. "డ్యూటీకి పోయినట్టే పోతాను అయ్యగారూ. పోబుద్ధి అవుతున్నదా లేదా అని అడుక్కోను" అన్నారు. ఈ ఒక్క మాటలో సగము రహస్యమున్నది.

యౌవనస్థుల తీరు వేరు. క్రిస్మసుకు, సంక్రాంతికి వాలీబాల్ పోటీలు పెడితే మూడు రోజులు చీకటి పడేవరకు ఆడతారు, నాలుగవ రోజు ఒళ్ళు నొప్పులతో పడుకొంటారు, మళ్ళీ వేసవి సెలవుల వరకు బంతి ముట్టరు. ఇటువంటి తమ్ముళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా బాలిక మాలావత్ పూర్ణతో కలిసి మన ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరమెక్కాడు. ఇద్దరూ ప్రభుత్వ గురుకుల పాఠశాలల్లో చదివిన పేదింటి పిల్లలే. భువనగిరి గుట్ట మీద మొదలైన వారి శిక్షణ నెలల తరబడి నడిచింది. కొండ ఒక్క రోజులో ఎక్కినది కాదు, ఆ నెలలన్నిటిలో ఎక్కినది.

ఆడవారు చెప్పే అడ్డంకి సోమరితనము కాదు. "రోడ్డు మీద ఒక్కదాన్నే చేతులూపుకొంటూ నడిస్తే ఊరంతా నవ్వదా అయ్యగారూ? పైగా కుక్కలు" అంటారు. ఈ మాటను తేలికగా తీసివేయకూడదు. ఒక సంఘములో అక్కలు నలుగురు కలిసి చర్చి ఆవరణలోనే సాయంకాలము చుట్లు తిరుగుతున్నారు. ప్రహరీ గోడ ఉన్నది గనుక కుక్కలు రావు, నలుగురున్నారు గనుక నవ్వేవారు లేరు. ఒకరు రాకపోతే మిగతా ముగ్గురు ఇంటికి పోయి పిలుస్తారు.

విశ్వాసికి ఇది తగునా?

కొందరు పెద్దలు, పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో శరీర సాధకమును గూర్చిన మాటను చూపి, ఇది లోకసంబంధమైన పని అంటారు. ఆ మాటను మరల నెమ్మదిగా చదవండి. ఆయన భక్తిని పైన నిలిపాడు గాని, శరీర సాధకమును నిష్ప్రయోజనమనలేదు. కొంత ప్రయోజనము ఉన్నదనే ఒప్పుకొన్నాడు. కొరింథీయులకు వ్రాస్తూ పరుగు పందెమును ఉపమానముగా తీసుకొన్నాడు. కొరింథు దగ్గర రెండేండ్లకొకసారి గొప్ప ఆటల పోటీలు జరిగేవి గనుక వారికి ఆ మాట బాగా అర్థమై ఉంటుంది.

మన సంఘ చరిత్ర కూడా ఆటలకు దూరమైనది కాదు. బాస్కెట్‌బాల్‌ను 1891లో అమెరికాలోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ దైవశాస్త్రము చదివినవాడు. మన ఏజెన్సీ గూడేలలో రెండు వెదురు గడలు పాతి ఆడే వాలీబాల్ కూడా వై.ఎం.సి.ఎ. నుండి వచ్చినదే. 1895లో విలియం మోర్గాన్ దానిని తయారు చేసినది కుర్రవారి కోసము కాదు. బాస్కెట్‌బాల్ ఆడలేని నడివయస్సు ఉద్యోగస్థుల కోసము. కాబట్టి నలభై దాటిన అన్నలు కోర్టు బయట కూర్చొని పాయింట్లు లెక్కపెట్టనవసరము లేదు. ఆ ఆట మొదట వారిదే! 1920లో హ్యారీ బక్ అనే వై.ఎం.సి.ఎ. సేవకుడు మద్రాసులో వ్యాయామ ఉపాధ్యాయుల కళాశాల స్థాపించగా, మన దేశములో ఎన్నో బడులకు అక్కడ నుండి డ్రిల్లు మాస్టర్లు వచ్చారు. మన పొరుగున డోర్నకల్‌లో 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్యగారు కూడా 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసినవారే. ఎడ్ల బండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగిన బిషప్ ఆయన.

మొదలు పెట్టేవారికి కొన్ని మాటలు

మొదటి వారము రోజుకు 10 నిమిషాలు చాలును. వారానికి 5 నిమిషాలు చొప్పున పెంచుకోండి. ఎంత వేగముగా నడవాలో తెలుసుకోవడానికి గడియారము అక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని కీర్తన పాడలేకపోవాలి. హాయిగా పాడగలిగితే ఇంకొంచెము వేగము పెంచండి. మాటకూడా రాకపోతే తగ్గించండి.

కండరాల బలము కోసము కుర్చీలో కూర్చొని చేతులు ఆనించకుండా పదిసార్లు లేవండి. గోడకు అరచేతులు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వాలి పదిసార్లు వెనుకకు నెట్టుకోండి. పెద్ద వయస్సువారు గోడ పట్టుకొని ఒక కాలి మీద కాసేపు, రెండవ కాలి మీద కాసేపు నిలబడండి. పడి తుంటి ఎముక విరిగిన తరువాత మంచము దిగలేకపోయిన పెద్దలను మనమెరుగుదుము.

ఎండాకాలములో మన ప్రాంతము నిప్పుల కొలిమి. సూర్యుడు ఎక్కకముందే నడక ముగించండి, నీళ్ళు త్రాగండి. షుగరుకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ఖాళీ కడుపుతో ఎక్కువ దూరము పోవద్దు. జేబులో కొంచెము చక్కెర గాని బెల్లము గాని ఉంచుకోండి. వణుకు, చెమట, కళ్ళు తిరగడము వస్తే వెంటనే నోట్లో వేసుకోండి. వట్టి కాళ్ళతో నడవకండి. ఇంటికి రాగానే పాదాలు చూసుకోండి. షుగరువారికి ముల్లు గుచ్చుకొన్నా తెలియకపోవచ్చును. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి మొదలు పెట్టండి. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడము, చల్లని చెమట వస్తే "గ్యాసు" అని సోడా త్రాగి పడుకోవద్దు. 108కి ఫోను చేయండి. 30 ఏండ్లు దాటిన ప్రతివారు దగ్గరి ఆరోగ్య ఉపకేంద్రములో ఏ.ఎన్.ఎం. దగ్గర బి.పి., షుగరు చూపించుకోండి.

ఇక సంఘ పెద్దలకు ఒక మనవి. బుధవారము స్త్రీల కూడికలో, శనివారము యౌవనస్థుల కూడికలో ఒక నిమిషము తీసుకొని "ఈ వారము ఎన్ని రోజులు నడిచారు?" అని అడగండి. ఎన్ని కిలోమీటర్లని అడగవద్దు, ఎన్ని రోజులని అడగండి. చర్చి గేటు తాళము సాయంకాలము ఒక గంట తీసి ఉంచండి. మోటారు సైకిలున్న అన్నలు ఆరాధనకు వచ్చేటప్పుడు ఇల్లు దగ్గరైతే దానిని ఇంటి దగ్గరే వదలి రండి. ఈ పత్రిక చదవడము ముగిసిన తరువాత ఇంట్లో ఇంకొకరిని లేపుకొని వీధి చివరి వరకు పోయి రండి. రేపు మళ్ళీ పోయి రండి.